రెండో పీపా

అమెరికా మందు షాపుల్లో రై విస్కీ పెట్టే అర ఒకప్పుడు జానెడు ఉండేది. ఇప్పుడది గోడ పొడుగునా సాగింది. ఆ సీసాల మీద ఈ పదేళ్ళుగా కొన్ని మాటలు మరీ ఎక్కువగా కనిపిస్తున్నాయి: డబుల్ ఓక్, టోస్టెడ్ బ్యారెల్, పోర్ట్ ఫినిష్, రమ్ క్యాస్క్ ఫినిష్. అన్నిటి అర్థమూ దాదాపు ఒకటే. ఈ విస్కీ ఒక ఓక్ పీపాలో కొన్నేళ్ళు మాగింది, ఆ తర్వాత దాన్ని తీసి ఇంకో పీపాలో పోసి మరికొంత కాలం ఉంచారు అని. అలాంటి సీసాకి మామూలు సీసా కన్నా ధర ఎక్కువ. ఆ ఎక్కువ డబ్బు మనం దేనికిస్తున్నట్టు? చెక్కకా, కాలానికా?

నాకు ఇది రుచికి సంబంధించిన ప్రశ్నగానే మొదలైంది. చదివేకొద్దీ చరిత్ర ప్రశ్నగా మారింది. ఎందుకంటే ఈ దేశంలో విస్కీ గురించి జరిగిన పెద్ద తగాదాల్లో సగం ఒకేచోటికి వచ్చి ఆగుతాయి: లోపల ఉన్నది నిజంగా మాగిందా, లేక మాగినట్టు కనిపించేలా చేశారా?

ముందు రై సంగతి చెప్పుకోవాలి. రై అంటే గోధుమకి దాయాది లాంటి ధాన్యం. చలిని తట్టుకుంటుంది, సారం తక్కువున్న నేలలోనూ పండుతుంది. జర్మనీ ప్రాంతాల నుంచి పెన్సిల్వేనియాకి వలస వచ్చిన రైతులకి అది అలవాటైన పంట. మొక్కజొన్నతో కాచే బర్బన్‌లో తీపి ముందుంటే, రై విస్కీలో మిరియం ఘాటు, పుదీనా లాంటి చల్లదనం, కాస్త వగరు ముందుంటాయి. ఇవాళ్టి అమెరికా చట్టం ప్రకారం రై విస్కీ అనిపించుకోవాలంటే ఊటలో కనీసం 51 శాతం రై ఉండాలి. బట్టీ నుంచి దిగేటప్పుడు ఆల్కహాలు 80 శాతం దాటకూడదు. పీపాలో పోసేటప్పుడు 62.5 శాతం దాటకూడదు. ఆ పీపా కొత్తదై ఉండాలి, ఓక్‌తో చేసిందై ఉండాలి, లోపలి గోడ కాల్చి మాడ్చిందై ఉండాలి. రెండేళ్ళు నిండితే ‘స్ట్రెయిట్’ అన్న మాట చేర్చుకోవచ్చు. ఈ షరతుల్లో ‘కొత్తది’ అన్న చిన్నమాట మీదే మన కథ తిరుగుతుంది.

పీపా అన్న మాట గురించి కూడా ఒక ముక్క. మనం అచ్చ తెలుగు మాటలా వాడేస్తాం గానీ ఇది పోర్చుగీసు వాళ్ళు మనకిచ్చిపోయిన మాట. వాళ్ళ భాషలో ‘పిపా’ అంటే సారాయి నింపే పెద్ద చెక్క పాత్ర. పోర్ట్, మదీరా వైన్లు ప్రపంచమంతా తిరిగింది అందులోనే. ఇంగ్లీషులో ఆ పాత్రని ఇప్పటికీ పైప్ అనే అంటారు. అమెరికా రై ఇప్పుడు రెండో మజిలీకి వెళ్తున్న పీపాల్లో ఈ పోర్ట్ పీపాలు కూడా ఉన్నాయి. కాబట్టి ఈ వ్యాసంలో ‘పీపా’ అన్నప్పుడల్లా మాటా వస్తువూ ఒకే ఓడ దిగినట్టు లెక్క.

మొదట్లో పీపాకి రుచితో పనిలేదు. అది మోయడానికి. దొర్లిస్తే దొర్లుతుంది, ఒక్క మనిషి తిప్పగలడు, కారదు. ఉప్పు చేపలు, పిండి, మేకులు, సారా అన్నీ అందులోనే. జార్జ్ వాషింగ్టన్ అధ్యక్ష పదవి దిగిపోయిన 1797లో, జేమ్స్ ఏండర్సన్ అనే స్కాట్లండ్ మేనేజరు సలహా మీద తన మౌంట్ వెర్నన్ ఎస్టేట్‌లో విస్కీ కాయించడం మొదలుపెట్టాడు. ఊటలో 60 శాతం రై, 35 శాతం మొక్కజొన్న, 5 శాతం మొలకెత్తించిన బార్లీ. 1799 నాటికి ఏడాదికి దాదాపు 11,000 గాలన్లు తీశారు. ఆ కాలంలో దేశంలోకెల్లా పెద్ద బట్టీల్లో అదొకటి. అక్కడ పొయ్యిల దగ్గర నిలబడి పని చేసినవాళ్ళు హాన్సన్, పీటర్, నాట్, డేనియల్, జేమ్స్, టిమతీ అనే ఆరుగురు బానిసలు. ఎస్టేటు లెక్కల పుస్తకాల పుణ్యమా అని పేర్లైనా మిగిలాయి. వాళ్ళు కాచిన సరుకు చాలావరకు మాగకుండానే తెల్లగా అమ్ముడైపోయింది. మన భాషలో చెప్పాలంటే అది రై సారా. పీపా దాన్ని చేరవేసింది, అంతే.

ఆ వాషింగ్టనే అంతకు మూడేళ్ళ ముందు, ఇదే రై సారా కాచే రైతుల మీదకి సైన్యాన్ని తీసుకుని బయలుదేరాడు. పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళొచ్చిన తెలుగువాళ్ళలో చాలామంది, ఆ ఊళ్ళో నదులు కలిసేచోట నిలబడి ఫోటో దిగే ఉంటారు. అక్కడ కలిసే రెండు నదుల్లో దక్షిణం నుంచి వచ్చేది మొనాంగహేలా. ఆ లోయంతా రై పండించేవాళ్ళు. కొండలు దాటి తూర్పు తీరానికి ధాన్యం మోయించడం గిట్టుబాటు కాదు. చరిత్ర పుస్తకాల్లో తరచు కనిపించే లెక్క ఒకటుంది: గుర్రం మీద ధాన్యమైతే నాలుగు బుషెళ్ళే వెళ్తుంది, అదే సారా కాస్తే ఇరవై నాలుగు బుషెళ్ళ ధాన్యం ఒక్క గుర్రం మీద వెళ్తుంది. అందుకని ప్రతి ఊళ్ళోనూ బట్టీలుండేవి. నగదు కరువైన ఆ కొండల్లో సారాయే డబ్బు లాగా చేతులు మారేది. స్వాతంత్ర్య యుద్ధపు అప్పులు తీర్చడానికి ఖజానా మంత్రి హామిల్టన్ 1791లో సారా మీద పన్ను వేయించాడు. చేతిలో డబ్బే లేనివాడిని డబ్బు కట్టమంటే ఏం కడతాడు? 1794 జులైలో పన్ను అధికారి జాన్ నెవిల్ ఇంటిని తగలబెట్టారు. వాషింగ్టన్ దాదాపు 13,000 మంది సైనికులని కూడగట్టాడు. వాళ్ళు వచ్చేసరికి తిరుగుబాటు చెదిరిపోయింది. 1802లో జెఫర్సన్ ప్రభుత్వం ఆ పన్ను ఎత్తేసింది గానీ, సర్కారుకీ విస్కీకీ పడిన ముడి మాత్రం విడిపోలేదు.

మరి ఈ తెల్ల సారా ఎర్రని విస్కీ ఎప్పుడయింది? ఒక రోజున ఎవరో కనిపెట్టారని చెప్పే కథలు చాలా ఉన్నాయి, నమ్మదగ్గది ఒక్కటీ లేదు. దూరమే నేర్పి ఉంటుందని నాకనిపిస్తుంది. మొనాంగహేలా పడవల్లో ఒహాయో, మిసిసిపి నదుల మీదుగా న్యూ ఆర్లియన్స్ దాకా నెలల తరబడి ప్రయాణం చేసిన సారా, బయలుదేరిన సారాలా ఉండదు. ఎండకి పీపాలోని సారా ఉబ్బి చెక్కలోకి చొరబడుతుంది, చలికి బయటికొస్తుంది. వచ్చేటప్పుడు ఒట్టి చేతుల్తో రాదు. ఓక్ చెక్కలోని లిగ్నిన్ విరిగి వెనిలా వాసన ఇస్తుంది. ఇంకో పదార్థం కాలి పంచదార పాకంలా మారి రంగూ తీపీ ఇస్తుంది. ఓక్‌లోనే ఉండే లాక్టోన్లు అచ్చం కొబ్బరి వాసన వేస్తాయి. మాడ్చిన పొర, నీళ్ళు వడపోసే బొగ్గులాగా, కొత్త సారాలోని గంధకపు కంపు పీల్చేస్తుంది. ఇవన్నీ చెక్క చేసే పనులు. కాలం చేసే పని వేరే ఉంది. బద్దల సందుల్లోంచి గాలి కొద్దికొద్దిగా లోపలికి పోతుంది, సారా కొద్దికొద్దిగా ఆవిరైపోతుంది, ఆమ్లాలూ ఆల్కహాలూ కలిసి పండ్ల వాసనలిచ్చే ఎస్టర్లుగా మారతాయి. చెక్క ఇచ్చేవి మొదటి ఏడాది రెండేళ్ళలో చాలామటుకు ఇచ్చేస్తుంది. కాలం ఇచ్చేవి మాత్రం దాని తీరికని బట్టే వస్తాయి. ఈ తేడా గుర్తుంచుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

మాగిన సరుక్కి మంచి ధర పలుకుతుందని తెలిసిన మరుక్షణం నకిలీ పుట్టింది. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో రెక్టిఫయర్లనే వ్యాపారులు బయలుదేరారు. రుచీ పచీ లేని స్పిరిట్ చవగ్గా కొనడం, మాడ్చిన పంచదార, ఎండు రేగుపండ్ల రసం లాంటివి కలపడం, పాత విస్కీ అని అమ్మడం. అందరూ మోసగాళ్ళని కాదు, నిజాయితీగా మిశ్రమాలు చేసి అమ్మినవాళ్ళూ ఉన్నారు. కానీ కొనేవాడికి తేడా తెలిసే దారి లేదు. దానికి జవాబుగా 1897లో బాటిల్డ్ ఇన్ బాండ్ చట్టం వచ్చింది. ఒకే బట్టీలో, ఒకే కాపు కాలంలో తీసింది, సర్కారు తాళం వేసిన గిడ్డంగిలో కనీసం నాలుగేళ్ళు పీపాలో ఉన్నది, సరిగ్గా 50 శాతం ఆల్కహాలుతో సీసాకెక్కింది అయితేనే ఆ ముద్ర. తినే వస్తువుల స్వచ్ఛత గురించి అమెరికాలో దేశవ్యాప్త చట్టం వచ్చింది 1906లో. అంటే పాలకన్నా, మాంసంకన్నా ముందు విస్కీకి పూచీ పడింది ప్రభుత్వం. పన్ను దాని నుంచి వస్తోంది మరి! 1906 చట్టం వచ్చాక అసలు విస్కీ అంటే ఏమిటన్న తగాదా అధ్యక్షుడి బల్ల మీదకి చేరింది. 1909 డిసెంబరులో టాఫ్ట్ తీర్పు చెప్పాడు: ధాన్యంతో కాచిందేదైనా విస్కీయే, కానీ స్ట్రెయిట్ అయితే స్ట్రెయిట్ అనీ, కలిపితే కలిపారనీ సీసా మీద రాయాలి. నిషేధించలేదు, దాచొద్దన్నాడు. అమెరికా విస్కీ చట్టంలో ఈ ధోరణి ఇప్పటికీ మారలేదు.

రై వైభవం ఎలా పోయిందో చెప్పడానికి ఒక్క కుటుంబం చాలు. పిట్స్‌బర్గ్‌కి ఆగ్నేయంగా వెస్ట్ ఓవర్టన్ అనే పల్లెలో ఏబ్రహాం ఓవర్‌హోల్ట్ అనే మెన్నొనైట్ రైతు రై కాచేవాడు. ఓల్డ్ ఓవర్‌హోల్ట్ సీసా మీద కనిపించే ముసలాయన ఆయనే. ఆయన మనవడు హెన్రీ క్లే ఫ్రిక్ ఆ పల్లెలోనే పుట్టి, బొగ్గు, ఉక్కు వ్యాపారాల్లో కోట్లకి పడగెత్తాడు. విస్కీ కంపెనీలో తన స్నేహితుడు ఏండ్రూ మెలన్‌ని కూడా వాటాదారుని చేశాడు. 1920 జనవరిలో మద్యనిషేధం అమల్లోకి వచ్చింది. 1921లో మెలన్ ఖజానా మంత్రి అయ్యాడు. నిషేధాన్ని అమలు చేసే విభాగం అప్పట్లో ఖజానా శాఖ కిందే ఉండేది. డాక్టరు చీటీ మీద మందుగా విస్కీ అమ్ముకునే అనుమతి పొందిన కొద్ది కంపెనీల్లో ఓవర్‌హోల్ట్ ఒకటి. ఇందులో వింత చూసేవాళ్ళకి వింత, న్యాయం చూసేవాళ్ళకి న్యాయం కనిపిస్తాయి. అలాంటి అండ లేని బట్టీలు పెన్సిల్వేనియాలో, మేరీలండ్‌లో వందల కొద్దీ ఆరిపోయాయి.

1933 డిసెంబరు 5న నిషేధం ఎత్తేశారు. మాగిన సరుకు దేశంలో కొద్దిగానే మిగిలింది. పదమూడేళ్ళు తేలికపాటి మందులకి, కెనడా సరుక్కి అలవాటుపడిన నాలుకలకి రై ఘాటు మోటుగా అనిపించింది. మొక్కజొన్న చవక. యుద్ధం వచ్చి బట్టీలు పారిశ్రామిక ఆల్కహాలు తీయడానికి మళ్ళాయి. 1935లో వచ్చిన చట్టం కింద, ఆ దశాబ్దంలోనే విస్కీల నిర్వచనాలు ఇప్పుడున్న రూపానికొచ్చాయి. కొత్త పీపా తప్పనిసరి అన్నది అప్పుడే స్థిరపడింది. అదే రై సారాని పాత పీపాలో మాగిస్తే దానికి ‘రై విస్కీ’ అన్న పేరు దక్కదు. ‘రై ఊట నుంచి కాచిన విస్కీ’ అని చుట్టు తిప్పి రాసుకోవాలి. ఒక్కసారి వాడిన పీపా ఇక్కడ రైకీ బర్బన్‌కీ పనికిరాదు కనక లక్షల కొద్దీ పీపాలు స్కాట్లండ్‌కీ, కరీబియన్ దీవులకీ, మెక్సికోకీ తరలిపోయాయి. ప్రపంచంలో సగం మందుల్లో ఉండే వెనిలా వాసన అమెరికా చట్టంలోని ఒక విశేషణం పుణ్యం!

రై మాత్రం కోలుకోలేదు. 1980ల నాటికి కెంటకీలో పెద్ద కంపెనీలు ఏడాదికి కొద్ది రోజులు మాత్రం రై కాచి, మిగతా రోజులన్నీ బర్బన్ కాచేవి. 1987లో ఓల్డ్ ఓవర్‌హోల్ట్ జిమ్ బీమ్ చేతికి పోయింది. ఫిలడెల్ఫియాలోని ఒక కూడలి పేరున్న రిటెన్‌హౌస్, మేరీలండ్‌లోని ఒక ఊరి పేరున్న పైక్స్‌విల్ ఇప్పుడు కెంటకీలో తయారవుతాయి. ఊళ్ళు పోయి పేర్లు మిగిలాయి.

2000 తర్వాత బార్లలో పాత కాక్‌టెయిల్స్ మళ్ళీ మోజయ్యాయి. మన్‌హాటన్, సాజరాక్ లాంటివి సరిగ్గా కలపాలంటే రై కావాలి. అడిగేవాళ్ళు పెరిగారు, మాగిన రై లేదు. నాలుగేళ్ళ విస్కీ కావాలంటే నాలుగేళ్ళ ముందే కాచి ఉండాలి కదా. అప్పుడు ఆదుకున్నది ఇండియానాలో లారెన్స్‌బర్గ్ అనే ఊళ్ళో ఉన్న పాత సీగ్రమ్స్ కర్మాగారం. మిశ్రమాల్లో రుచి కోసం కలపడానికని అక్కడ 95 శాతం రైతో విస్కీ కాచేవారు. కొత్త కంపెనీలు డజన్ల కొద్దీ అక్కడ పీపాలు కొని తమ పేరు అంటించుకున్నాయి. అందరి సీసాల్లోనూ ఒకే రై. మరి నా సీసాకీ పక్కవాడి సీసాకీ తేడా ఎలా చూపించాలి? రెండో పీపాతో.

రెండో పీపా ఆలోచన అమెరికాది కాదు. స్కాట్లండ్‌లో బాల్వెనీ కంపెనీకి చెందిన డేవిడ్ స్టువర్ట్ 1980లలో దాన్ని ఒక పద్ధతిగా మలిచాడు. ముందు అమెరికా పాత పీపాలో, తర్వాత షెర్రీ పీపాలో మాగిన డబుల్‌వుడ్ 1993లో వచ్చింది. స్కాట్లండ్‌లో దానికి కారణముంది. అక్కడి మొదటి పీపా అప్పటికే ఇక్కడ సగం సారం ఇచ్చేసి వెళ్ళింది. అమెరికాలో మొదటి పీపాయే కొత్తది, కొత్తగా మాడ్చింది. దానికి ఇంకో చెక్క అవసరమేమిటి? అయినా వచ్చింది. ఉడ్‌ఫర్డ్ రిజర్వ్ 2012లో డబుల్ ఓక్డ్ బర్బన్ తెచ్చింది. లింకన్ హెండర్సన్ అనే అనుభవజ్ఞుడు మొదలుపెట్టిన ఏంజెల్స్ ఎన్వీ, 2013లో 95 శాతం రైని కరీబియన్ రమ్ పీపాల్లో ఉంచి అమ్మింది. విజిల్‌పిగ్ పన్నెండేళ్ళ రైని మదీరా, సాటర్న్, పోర్ట్ పీపాల్లో వేరువేరుగా ఉంచి కలిపింది. మిక్టర్స్ తన రైని దోరగా వేయించిన, మాడ్చని కొత్త పీపాలోకి మార్చింది.

వీటిలో రెండు జాతులున్నాయి. రెండోది కూడా కొత్త ఓక్ అయితే చెక్కకి చెక్క తోడవుతుంది. దోరగా వేయించడం అంటే సన్నటి సెగ మీద చాలాసేపు ఉంచడం. మాడ్చడం అంటే భగ్గున మంట పెట్టి నిమిషం లోపే తీసేయడం. వేయించిన చెక్కలో తీపి వాసనలు లోతుగా పుడతాయి. వైనో రమ్మో ఉండి వెళ్ళిన పీపా అయితే సంగతి వేరు. దాని బద్దల్లో కొన్ని లీటర్ల పాత మందు ఇంకి ఉంటుంది, అది కొత్త విస్కీలో కలుస్తుంది. అందుకే చట్టం ఇలాంటి దాన్ని ఉత్త రై విస్కీ అననివ్వదు. ఏ పీపాలో ముగించారో ఆ మాట కూడా చేర్చి రాయాలి. టాఫ్ట్ తీర్పే మళ్ళీ: చేసుకోండి, చెప్పండి.

ఒకే కంపెనీ రై రెండు రకాలూ తెచ్చి, ఒకే సాయంత్రం రెండు గ్లాసుల్లో పోసి చూశాను. రెండో పీపా చూడనిదాంట్లో మిరియం, పుదీనా, కాస్త పచ్చిగడ్డి వాసన. చివర్లో నాలుక మీద వగరు చాలాసేపు నిలిచింది. రెండు పీపాలదాన్ని ముక్కు దగ్గర పెట్టగానే కొబ్బరి లౌజు! పాకం, వెనిలా, వేయించిన బాదం. మొదటి గుక్క ఎంతో హాయిగా దిగింది. రెండో గుక్కకి రై కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. మిరియం ఉంది గానీ, పెళ్ళివారింట్లో పేద చుట్టంలా ఎక్కడో వెనక బల్ల మీద కూర్చుంది. బర్బన్ ఇష్టపడే నా స్నేహితుడికి ఆ రెండోదే నచ్చింది. అతని నాలుకని తప్పు పట్టను.

నాకు గడ్డిలో మాగేసిన మామిడిపండూ, కార్బైడ్ పెట్టిన మామిడిపండూ గుర్తొచ్చాయి. రంగు రెండిటికీ వస్తుంది, లోపల మాత్రం తేడా. ఈ పోలిక పూర్తి న్యాయం కాదని ఒప్పుకుంటాను. రెండో పీపాలో విషం లేదు, అబద్ధం లేదు, చెక్క నిజమైన చెక్కే. పన్నెండేళ్ళు మాగిన రైకి వైన్ పీపాలో కొద్ది కాలం ఇవ్వడం, వండిన కూరకి చివర్లో తిరగమోత పెట్టడం లాంటిది. అది వంటవాడి పనితనం. నాలుగేళ్ళ రైకి ఇంకో కొత్త పీపా ఇచ్చి ఎనిమిదేళ్ళదానిలా కనిపించమనడం వేరు. ముందు చెప్పిన తేడా ఇక్కడ పనికొస్తుంది. రెండో పీపా వెనిలాని, రంగుని, కొబ్బరిని మళ్ళీ ఇవ్వగలదు. కాలం మెల్లగా చేసే మార్పులని ఆర్నెల్లలో చేయలేదు. రెక్టిఫయర్ రేగుపండ్ల రసంతో చేయబోయినది కూడా ఇదే. ఇప్పటివాడు చెక్కతో, చట్టబద్ధంగా, చెప్పి మరీ చేస్తున్నాడు. ఆ చెప్పడమే 1897 నుంచి సాధించుకున్నది. తక్కువేం కాదు.

ఇప్పుడు పెన్సిల్వేనియాలో, మేరీలండ్‌లో మళ్ళీ బట్టీలు వెలుగుతున్నాయి. వాటి రై ఇంకా కుర్రది. ఏ నేల గింజ, ఏ నీళ్ళు, ఏ గిడ్డంగి ఎండ దానికి ఏ రుచి ఇస్తాయో తెలియాలంటే కొన్నాళ్ళు దాన్ని దాని మానాన వదిలేయాలి. అందరూ ఒకే పోర్ట్ పీపాలో, ఒకే వేయించిన ఓక్‌లో ముంచితే మొనాంగహేలా రైకీ ఇండియానా రైకీ తేడా మళ్ళీ పేర్లలోనే మిగులుతుంది. నా భయం అదీ.

అంచేత రై కొనేటప్పుడు ముందు వైపు బొమ్మ కన్నా వెనకవైపు చిన్న అక్షరాలు చదువుతాను. సీసా కట్టిన రాష్ట్రమూ బట్టీ ఉన్న రాష్ట్రమూ వేరైతే, ఎక్కడ కాచారో రాయాలని నియమం ఉంది. వయసు ఎంత రాశారు, ‘స్ట్రెయిట్’ ఉందా, ‘ఫినిష్డ్’ అన్న మాట ఎక్కడుంది అని చూస్తాను. మొదటి పీపాలో ఎన్నేళ్ళు, రెండోదాంట్లో ఎన్ని నెలలు అన్నది కొన్ని కంపెనీలు విడివిడిగా రాస్తున్నాయి. ఆ రెండు అంకెలూ ఉన్న సీసాకి కాస్త ఎక్కువ ఇవ్వడానికి నాకేం అభ్యంతరం లేదు.